ఏడవకూడని నెల

నర్సు పిల్ల కుడి కనుబొమ్మ పైన చిన్న ప్లాస్టరు ముక్క అతికించి, బొటనవేలితో అదిమింది. ఇసక్కియమ్మ చెయ్యెత్తి దాన్ని తడుముకుంది.

"ముట్టుకోవద్దవ్వా. ఏ కన్ను కొయ్యాలో డాక్టరమ్మకి తెలియాలి గదా."

"తెలియకపోవడానికి ఏముంది తల్లీ? ఉండేదే ఒకటి."

నర్సు వంగి ఎడమ కన్ను చూసింది. ఉడికిన చేప కన్ను మాదిరి తెల్లగా ఉంది. పక్క మనిషి దగ్గరికి జరిగిపోయింది.

బెంచీ మీద కూర్చున్న వాళ్ళందరికీ ఒకే రంగు గౌన్లు, తలకి గుడ్డ టోపీలు. ఎవరు ఆడో ఎవరు మగో గొంతు విప్పితే గాని తెలియడం లేదు. కంట్లో వేసిన చుక్కలకి వెలుతురు పిండి కలిపిన నీళ్ళలా అలుక్కుపోయింది. ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని నడవమన్నారు. ఇసక్కియమ్మ ముందు నిలబడ్డది ఎట్టయాపురం వైపు మేకలు కాసే తాత. ఆయన భుజం ఎముక చేతికి గుచ్చుకుంది.

"మేకల్ని ఇట్లాగే తోలుకుపోతాం మేము కూడా," అన్నాడు తాత. "కాకపోతే వాటికి టోపీలు పెట్టం."

వెనకెవరో నవ్వారు. ఇసక్కియమ్మకి నవ్వు రాలేదు. ఆయన చెప్పింది ఎక్కడికి తోలుకుపోయే మేకల గురించో ఆమెకి తెలుసు.

లోపల చలి. మే నెల ఎండలో ఉప్పు గోకే మనిషికి ఆ చలి వంటికి కొత్త. బల్ల మీద పడుకోబెట్టి, కంటి పక్కన సూది గుచ్చి, పైన బరువైన సంచీ ఏదో పెట్టారు. కాసేపటికి ఆ సగం మొహం ఆమెది కాకుండా పోయింది. తర్వాత గుడ్డ కప్పారు. గుడ్డకి ఒక్కటే బెజ్జం. అందులోంచి దీపం.

"కదలకూడదమ్మా. దగ్గొస్తే ముందే చెప్పు," అంది ఆడ గొంతు.

దగ్గు అన్న మాట వినగానే దగ్గు వచ్చేట్టు గొంతులో గరగర మొదలైంది. ఇసక్కియమ్మ బల్ల అంచుల్ని ఉప్పు తట్ట అంచు పట్టుకున్నట్టు పట్టుకుంది. తట్ట నెత్తిన ఉంటే గట్టు మీద దగ్గు వచ్చినా మెడ కదలకూడదు. మెడ బిగించి, ఊపిరి పొట్టలోకి లాక్కుంది.

"ఏం పని చేస్తావమ్మా?"

"ఉప్పు."

"అయితే నీ ఉప్పే తింటున్నాం మేమంతా."

"తింటున్నారు గదా. చూసి కొయ్యండి."

డాక్టరమ్మ నవ్వింది. నవ్వితే చెయ్యి కదులుతుందేమోనని ఇసక్కియమ్మకి పై ప్రాణాలు పైనే పోయాయి. కంటి మీద నీళ్ళు పడుతూనే ఉన్నాయి. దీపం రెండైంది, మూడైంది, నీలంగా పగిలింది. ఆ తర్వాత ఉన్నట్టుండి అన్నీ ఆరిపోయాయి. పోయింది, ఇది కూడా పోయింది అనుకుంది. వాళ్ళు కట్టు కట్టారని మంచం మీదికి తెచ్చాక కోడలు వేల్కని చెప్పింది.

ఆ రాత్రంతా ఎడమ పక్కకి ఒత్తిగిలి పడుకుని, కట్టు కింద ఏం జరుగుతోందో చెవితో వినడానికి చూసింది.

పొద్దున్నే కట్టు విప్పారు. ముందు గోడ కనిపించింది. గోడ మీద బల్లి. బల్లి తోక. ఆ తర్వాత నర్సు పిల్ల ముక్కుపుడక, దాన్లో ఎర్రరాయి. ఇసక్కియమ్మ కన్ను మూసి తెరిచింది. అన్నీ ఉన్నాయి. మళ్ళీ మూసి తెరిచింది.

"ఎన్నిసార్లు చూస్తావవ్వా, ఎక్కడికీ పోదులే."

"పోయేదే గదా అమ్మా. అందుకే చూసుకుంటున్నా."

బస్సెక్కించే ముందు అందర్నీ వరండాలో కూర్చోబెట్టి, నల్ల కళ్ళద్దాలూ చుక్కల సీసాలూ ఇచ్చి, నర్సు పాఠం చెప్పినట్టు చెప్పింది. నెల రోజులు తలకి నీళ్ళు పోసుకోకూడదు. వంగకూడదు. బరువెత్తకూడదు. పొగ దగ్గర కూర్చోకూడదు. కన్ను నలపకూడదు. ఏడవకూడదు.

"ఏడవకూడదంటే ఆ ముక్క మా కోడలికి చెప్పు తల్లీ," అన్నాడు మేకల తాత.

నవ్వులు సద్దుమణిగాక వేల్కని లేచి నిలబడింది. అన్నీ నిలబడే అడిగే మనిషి ఆమె. "మా అత్త శోకం ఎత్తే మనిషి. మా ఉప్పోళ్ళ వాడలో చావైతే ముందు ఈమె గొంతే లేవాలి. వాళ్ళొచ్చి పిలిస్తే ఏం చెయ్యాలి?"

"నెల రోజులు మీ వాడలో ఎవర్నీ చావొద్దని చెప్పండి," అంది నర్సు. వెంటనే మొహం సర్దుకుని, "నిజంగా చెప్తున్నా. గట్టిగా ఏడిస్తే లోపల ఒత్తిడి పడుతుంది. మురికి చెయ్యి తగిలిందంటే చీము పడుతుంది. ఆమెకి ఇంకో కన్ను లేదు," అంది.

ఆ చివరి మాట బస్సులో దారి పొడుగునా ఇసక్కియమ్మ పక్కనే కూర్చుని వచ్చింది.

*

ఇంట్లో వేల్కని రాజ్యం. పొయ్యి పెరట్లోకి పోయింది. తలుపుకి తడిపిన చీర కట్టింది, ఉప్పు దుమ్ము రాకుండా. చుక్కలు వేసే ముందు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కునేది. మొగుడు దోణిలో సముద్రం మీద ఉన్నాడు. ఉన్నా ఆమెకి ఎదురు చెప్పేవాడు కాదు.

"పైకి చూడత్తా. రెప్ప కొట్టొద్దు."

"ఎన్ని చుక్కలే?"

"ఒకటే. కారింది గదా, మళ్ళీ ఒకటి."

"నువ్వేసే చుక్కలకి నేను ఏడ్చినట్టే ఉంది."

"ఈ ఏడుపు మంచిది. నోరు మూసుకో."

ఇంటికొచ్చిన రోజు సాయంత్రమే ఉలగమ్మ వచ్చింది. ఉప్పు మడి మీద ఇసక్కియమ్మకి ఆమె జోడీ. ఒకే మడి చెరో వైపు నుంచి గోకి, ఒకరి తట్ట ఒకరు ఎత్తుకుంటూ తిరిగిన మనుషులు. తలుపు దగ్గరే వేల్కని చెయ్యి అడ్డం పెట్టింది.

"స్నానం చేశావా పెద్దమ్మా?"

"చేశానే పోలీసమ్మా. చూడు, జుట్టు తడి. ఉప్పు వదిలించుకోకుండా మనమెప్పుడైనా ఇంట్లోకి పోతామా, గజ్జి పట్టదూ? రానీ."

ఉలగమ్మ వచ్చి ఎదురుగా చతికిలబడింది. ఇసక్కియమ్మ కళ్ళద్దాలు పైకెత్తి చూసింది. చాలాసేపు చూసింది. ఇన్నాళ్ళూ గొంతుని బట్టీ, అడుగుల చప్పుడుని బట్టీ తెలిసిన మనిషి. చెంపలు లోపలికి పోయాయి. పెదవి మీద ఎండకి పేలిన మచ్చలు. కళ్ళ కింద వాపు.

"ఏందక్కా, ఇంత ముసలిదానివైపోయావు?"

"నీకింకా అద్దం చూపించినట్టు లేరే," అంది ఉలగమ్మ.

వేల్కని కూడా నవ్వింది. నవ్వు అయిపోయాక ఉలగమ్మ చీర చెంగుతో మెడ తుడుచుకుంది. చల్లటి సాయంత్రం అది. ఆమె మెడ చెమట పట్టే ఉంది.

"వంట్లో బాగలేదా?"

"గట్టు మీద నడుస్తుంటే మడి పైకొస్తోంది, గట్టు కిందికి పోతోంది. నిన్న రెండుసార్లు తట్ట దింపుకున్నా. రెండు రోజులు ఇంట్లో ఉంటానయ్యా అంటే తవసి ఏమన్నాడో తెలుసా? లారీలు వరసన నిలబడి ఉంటే ఇంట్లో ఉంటావా, ఉండు, అట్లాగే ఉండిపో అన్నాడు."

తవసి ఉప్పుమళ్ళ మేస్త్రి. ఎవరికి ఏ మడి, ఎవరు రావాలి, ఎవరు రాకూడదు అన్నీ అతని నోట్లో ఉంటాయి.

"మానెయ్ అక్కా. ఎంతైనా..."

"మానితే? నీ చోటు నెల రోజులు పెట్టి ఉంచుతానన్నాడు గదా నీకు. అదే గొప్ప. రెండు చోట్లు పెట్టి ఉంచుతాడా? నువ్వు కన్ను చూసుకో. నువ్వొచ్చేదాకా నేను ఆ కాళితో జోడీ. అది తట్ట ఎత్తితే సగం ఉప్పు నా నెత్తిన పడుతుంది."

పోతూ పోతూ గడప దగ్గర ఆగి గోడ పట్టుకుంది. చీకటి పడుతోంది కాబట్టి అనుకుంది ఇసక్కియమ్మ. మళ్ళీ మళ్ళీ ఆ చెయ్యి గోడ మీద పెట్టిన తీరు గుర్తొచ్చింది. వేల్కనితో చెప్పింది. వేల్కని, "నీ కన్ను బాగుంది గదాని ఊరంతా చూడబాక. పడుకో," అంది.

*

మూడో రోజు పొద్దెక్కాక డప్పు వినబడింది. ఇసక్కియమ్మ చాప మీద లేచి కూర్చుంది. వాడలో చావు డప్పు. ఎవరిదో అడుగుదామంటే వేల్కని ఇంట్లో లేదు. పెరట్లో పొయ్యి మీద కుండ తుకతుకమంటోంది. మంట ఆర్పకుండా పోయే మనిషి కాదు అది.

వేల్కని తిరిగొచ్చేసరికి డప్పు ఆగి మళ్ళీ మొదలైంది. ఆమె చెంబెడు నీళ్ళు తాగి, చెంబు బోర్లించింది.

"ఎవరే?"

"అత్తా, నువ్వు గట్టిగా ఉంటానంటే చెప్తా."

"చెప్పు."

"ఉలగం పెద్దమ్మ."

ఇసక్కియమ్మ రెండు చేతులూ నెత్తి మీదికి పోయాయి. నోరు తెరుచుకుంది. వేల్కని ఒక్క ఉదుటున వచ్చి మణికట్లు పట్టుకుంది.

"కన్ను! అత్తా, కన్ను! నా మాట విను, ఊపిరి పీల్చు. కన్ను తెరువు, మూయబాక. మూస్తే కారుతుంది."

నిజమే. మూస్తే వస్తుంది. ఇసక్కియమ్మ కన్ను తెరిచి, పైకప్పు తాటాకుల వైపు చూస్తూ ఊపిరి పీల్చింది. ఒక్కొక్క ఆకూ, ఆకు మీద ఈనె, ఈనె మధ్య సాలెగూడు. అన్నీ కనిపిస్తుంటే ఏడుపు బయటికి రాలేదు.

"ఎట్లా పోయింది?"

"నిద్రలోనే. తెల్లారి లేపితే లేవలేదంట," అంది వేల్కని. తడి చీర తలుపు మీద సర్దుతూ అంది.

కాసేపటికి ఉలగమ్మ కొడుకు మారిదురై వచ్చాడు. గడప అవతలే నిలబడ్డాడు. చావు చెప్పడానికి వచ్చే కొడుకు వంగి కాళ్ళ దగ్గర కూలబడతాడు, పిన్నీ నువ్వొస్తేనే మా అమ్మ లేస్తుంది అంటాడు, అప్పుడు శోకం ఎత్తే మనిషి లేచి జుట్టు ముడి విప్పుకుంటుంది. ఆ వాడలో అది పద్ధతి. మారిదురై కూలబడలేదు. తువ్వాలు చేతుల్లో మెలేస్తున్నాడు.

"పిన్నీ, నువ్వు రాకపోయినా ఏమనుకోం. కన్ను పచ్చి మీద ఉంది. అమ్మ కూడా అదే అనేది."

"నేను రాకపోతే మీ అమ్మకి ఎవరురా శోకం ఎత్తేది?"

"కాళి పిన్ని ఉంది. వాళ్ళంతా కూర్చున్నారు. నువ్వు కన్ను చూసుకో."

అతను పోయాక ఆమె చాలాసేపు గడప వైపే చూసింది. రమ్మంటే ఎట్లా అని భయపడింది. రావొద్దంటే ఇంత కోత ఉంటుందనుకోలేదు.

ఆ వెనకే తవసి వచ్చాడు. ఏనాడూ ఆ గుమ్మం తొక్కని మనిషి. చేతిలో పూలదండ, చావింటికి పోతూ దారిలో ఆగినట్టు.

"ఎట్లా ఉంది ఇసక్కీ? డాక్టర్లు చెప్పినట్టు విను. అక్కడ పొగా దుమ్మూ జనం. ఉన్న ఒక్క కన్నూ పాడు చేసుకున్నావంటే నేను మడి మీదికి ఎట్లా రానిచ్చేది? నీ చోటు నీకే ఉంచా. నెల నిండనీ, రా."

"సరేనయ్యా."

చెప్పులు టపటపలాడించుకుంటూ పోయాడు. ఇసక్కియమ్మ కూర్చునే ఉంది. డప్పు ఆగుతోంది, మొదలవుతోంది. కాళి గొంతు లేచింది. పాత వరసలే, పైడి మంచం, పట్టు పరుపు. ఎవరు పోయినా అవే పాడతారు, తనూ అవే పాడుతుంది. కానీ కాళి మధ్యలో తడబడి ఆగిపోయింది. అందుకునే వాళ్ళు కూడా ఆగిపోయారు. శోకం ఆగిపోయిన చావిల్లు ఎట్లా ఉంటుందో ఆమె ఎప్పుడూ వినలేదు. మగవాళ్ళ మాటలు, బీడీ దగ్గులు, కుర్చీలు జరిపిన చప్పుడు.

"వేల్కనీ, నా చీర ఇవ్వు."

"అత్తా!"

"ఏడవను. దూరంగా కూర్చుంటా. ఒక్కసారి మొహం చూసొస్తా. దాని మొహం నేను చూసి ఎన్నేళ్ళయిందనుకున్నావు? మొన్న చూసింది ఒక్క పూట."

వేల్కని మెడలో తాడు పట్టుకుని ఒక నిమిషం నిలబడింది. చేతులు సబ్బుతో కడుక్కుంది. శుభ్రమైన దూది కొంగులో ముడేసుకుంది.

"నా పక్కనే కూర్చోవాలి. ఎవరి తలకీ తల ఆనించకూడదు. నీ చేత్తో మొహం ముట్టుకోకూడదు. నేనే తుడుస్తా."

"సరే పోలీసమ్మా," అంది ఇసక్కియమ్మ. అన్నాక గాని తెలియలేదు, అది ఎవరి మాటో.

*

ఇంటి ముందు పందిరి వేశారు. బల్ల మీద ఉలగమ్మ. కాలి బొటనవేళ్ళు కలిపి కట్టారు. నుదుట పసుపు ముద్ద మీద రూపాయి బిళ్ళ. గడ్డం కింద నుంచి నెత్తి మీదికి తెల్లగుడ్డ కట్టారు. తల దగ్గర దీపం. ఆడవాళ్ళు కింద గుండ్రంగా, ఒకరి మెడ మీద ఒకరు చేతులేసి, తలలు ఆనించి కూర్చున్నారు. మగవాళ్ళ వైపు తవసి ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. ఇసక్కియమ్మని చూసి సగం లేచి, మళ్ళీ కూర్చున్నాడు.

కాళి తలెత్తింది. "వచ్చావా అక్కా! నల్లద్దాలు పెట్టుకుని సినిమా ఆమె వచ్చిందేమో అనుకున్నా. జోడీ చస్తే కళ్ళు దాచుకునే కాలం వచ్చింది."

"ఆమె ఏడవకూడదు పిన్నీ," అంది వేల్కని.

"చావింటికొచ్చి ఏడవకూడదా? మరి దేనికొచ్చినట్టు, టీ తాగడానికా?"

ఇసక్కియమ్మ గుంపు వైపు చూసింది. గుంపులో తన చోటు ఖాళీగానే ఉంది, బల్ల తల వైపు. అక్కడ కూర్చోలేదు. చెయ్యి చాచినా అందనంత ఎడంగా, గుంజకి ఆనుకుని నిటారుగా కూర్చుంది. శోకంలో ఆమె ఎప్పుడూ అట్లా కూర్చోలేదు. ఎప్పుడూ పక్క మనిషి భుజంలో మొహం, మూసిన కన్ను, చీకట్లో గొంతులు. పోయిన మనిషిని చూసి పాడిన శోకం ఒక్కటి కూడా లేదు ఆమెకి.

మూయకూడదు. మూస్తే వస్తుంది. కన్ను తెరిచి చూసింది.

నల్లద్దాల్లోంచి అంతా ఆకుపచ్చ నీళ్ళలో ఉన్నట్టుంది. చీర కొత్తది. మడత గీతలు కూడా పోలేదు. దువ్విన జుట్టు. చెవి.

చెవి మడతలో ఏదో మెరిసింది.

ఇసక్కియమ్మ కళ్ళద్దాలు తీసింది. "అత్తా!" అని వేల్కని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యిని మెల్లగా తోసేసింది. వెలుతురు సూదుల్లా గుచ్చింది. చెవి మడత నిండా తెల్లటి పొడి. దీపం పక్కన కూర్చున్న ఎవరైనా విబూది అనుకుంటారు. విబూది మెరవదు. పాపిట మొదట్లో గీత గీసినట్టు ఉప్పు పేరింది. కనుబొమ్మ వెంట్రుకల్లో, గడ్డం గుడ్డ కింద మెడ ముడతల్లో. కాలి వేళ్ళ సందుల్లో గడ్డకట్టి ఉంది. ఎడమ చెంప మీద ఒరుసుకుపోయిన చార, దాని అంచు కూడా తెల్లగానే.

తట్ట మోస్తే నెత్తిన ఉప్పు పడుతుంది, చెవిలో అట్లా నిండదు. మడిలో పడి, ఉప్పునీళ్ళలో మొహం మునిగి, ఎండలో ఆరితేనే అట్లా పేరుకుంటుంది. ఉప్పు వదిలించుకోకుండా చాప మీద నడుం వాల్చే మనిషి ఆ వాడలో లేదు.

ఎవరూ చూడలేదా? తలలు దించుకుని ఉన్నారు గదా, ఎట్లా చూస్తారు? తన ఒక్కదానికే కనిపించింది. కొత్త కన్ను కాబట్టి కనిపించింది. శవానికి పోసే నీళ్ళు తేవడానికి నీరుమాలకి పోయినవాళ్ళు బిందెలతో వస్తారు, పసుపూ నీళ్ళూ పోసి కడుగుతారు, ఇక ఉప్పూ ఉండదు, ఏమీ ఉండదు. వీధి చివర డప్పు అప్పుడే మలుపు తిరిగింది.

"వేల్కనీ," అని గొణిగింది. "దాని చెవి చూడు. చూడవే. ఇది ఇంట్లో పోలేదు."

వేల్కని చెవి వైపు చూడలేదు. ఒళ్ళో దూది ముక్కని వేళ్ళతో చిన్న చిన్న పోగులు చేస్తోంది.

"తెలుసత్తా."

"ఏం తెలుసు?"

"అందరికీ తెలుసు. నిన్న మధ్యాహ్నం లారీకి మోస్తూ మడిలో బోర్లా పడింది. తవసి వేరే పని మీద ఉన్నాడంట. మోసేవాళ్ళు చూసి లేపేసరికి అయిపోయింది. ఎండ తగ్గేదాకా అక్కడే ఉంచి, చీకటి పడ్డాక తెచ్చారు. మడి మీద పోయిందంటే పోలీసులొస్తారని, లారీలు ఆపేస్తారని. మారిదురైకి కాటా దగ్గర పని ఇస్తామన్నారు. నీకు చెప్తే తట్టుకోలేవని... కన్ను పోతుందని చెప్పొద్దన్నారు."

ఇసక్కియమ్మ ఆడవాళ్ళ వైపు చూసింది. కాళి ఆమెనే చూస్తోంది. కాళి పక్కనున్న మనిషి కూడా. తలలు దించుకున్న వాళ్ళు తలలు దించుకునే ఉన్నారు, కానీ ఏడుపు కోసం కాదు. బల్ల మీదికి చూడకుండా ఉండడానికి. కాళి పైడి మంచం దగ్గర ఎందుకు తడబడిందో తెలిసింది. మారిదురై ఎందుకు కూలబడలేదో, తవసికి తన కన్ను మీద అంత ప్రేమ ఎందుకు పుట్టిందో తెలిసింది. వీళ్ళందరికీ కళ్ళున్నాయి. తన కంటే ముందే చూశారు. తన కంటే బాగా చూశారు.

తనకున్నదల్లా గొంతు. దానికి ఏ ఆపరేషనూ అక్కర్లేదు.

గొంతు లేపితే మడి మీద చోటు పోతుంది. చోటు కోసమే గదా కన్ను. ఆ రెండూ ఒకదాని వెనక ఒకటి తలలో తిరిగాయి, నీళ్ళ మీద పుల్లలు తిరిగినట్టు. కంటి లోపల మంట మొదలైంది.

శోకంలో ఆడది అనే మాటకి మగవాడు అడ్డం చెప్పకూడదు. అది వాళ్ళ తాతల నాటి నుంచీ ఉన్న కట్టుబాటు. తాళి కట్టిన వాణ్ణి తిట్టొచ్చు, పెట్టని కొడుకుని తిట్టొచ్చు, దేవుణ్ణి తిట్టొచ్చు. ఆ గుండ్రం లోపల అన్నది ఎవరూ ఆపరు, ఆ తర్వాత అడగరు. కానీ ఇంతవరకు ఎవరూ మేస్త్రిని అనలేదు.

ఇసక్కియమ్మ జుట్టు ముడి విప్పింది. మోకాళ్ళ మీద జరిగి, తన చోట్లోకి వచ్చి కూర్చుంది. తల ఎవరికీ ఆనించలేదు.

*"నిద్దట్లో పోతివంటారు అక్కా,*
*నీ చాప మీద మడి ఎవరు కట్టిరి?*
*పక్క మీద పోతివంటారు అక్కా,*
*పాపిట్లో ఉప్పెవరు పోసిరి?"*

చివరి మాట సాగదీసి ఆపింది. అక్కడ గుంపు అందుకోవాలి. ఓ నా అక్కా అని పది గొంతులు లేవాలి.

లేవలేదు.

పందిరి కింద ఎవరో పసిబిడ్డ నోట్లోంచి రొమ్ము తీసినట్టు ఒక్క ఏడుపు వినపడి ఆగింది. తవసి కుర్చీ కిర్రుమంది. ఆడవాళ్ళ మెడల మీద చేతులు బిగుసుకున్నాయి. ఒక్కొక్కరికీ ఒక్కో చోటు ఉంది మడి మీద.

ఇసక్కియమ్మ కన్ను మూయలేదు. మూస్తే ఏడుపొస్తుంది, ఏడుపొస్తే మాట పోతుంది. చెవి వైపే చూస్తూ రెండోది ఎత్తింది.

*"తల తిరిగెనంటే తట్ట దించనిచ్చిరా,*
*రెండు రోజులడిగితే ఇల్లు చూపిరా?*
*బోర్లపడ్డ నాడు అక్కా నీ మొహం*
*పొద్దు వాలేదాక ఎవరు చూసిరి?"*

మళ్ళీ ఆపింది. కన్ను అంచున వెచ్చగా ఒకటి పేరుకుని, జారింది. వేల్కని దూదితో చెంప దగ్గరే దాన్ని అందుకుంది.

"అత్తా, చాలు. కన్ను."

"ఉండవే."

మూడోది ఎత్తడానికి ఊపిరి తీసుకుంటుంటే కాళి గొంతు లేచింది. పగిలిన గొంతు, శ్రుతి లేదు.

"ఓ నా అక్కా... నా చేత్తోనే గదా నీ నెత్తికెత్తింది ఆ తట్ట... ఓ నా అక్కా..."

కాళి తలని పక్కామె పట్టుకుంది. పక్కామె గొంతు కలిసింది. ఆ తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో తెలియలేదు. అది ఎప్పుడూ పాడే వరసలో లేదు. ఒకామె లారీ అంది, ఒకామె గోనెపట్ట కప్పారంది, ఒకామె నీళ్ళడిగితే అని మొదలుపెట్టి ముగించలేకపోయింది.

డప్పు వాళ్ళు పందిరి దాకా వచ్చి చేతులు ఆపారు. వాళ్ళ వెనక నీళ్ళ బిందెలు. ముందు మారిదురై, తడి పంచె, భుజం మీద బిందె, బిందె మూతికి వేపమండ. అతను ఎంతసేపటి నుంచి వింటున్నాడో ఎవరూ చూడలేదు.

తవసి లేచి నిలబడ్డాడు. శోకం వైపు తిరగలేదు, ఆ కట్టుబాటు అతనికీ తెలుసు. మారిదురై వైపు తిరిగాడు.

"ఏంరా నిలబడ్డావు? పొద్దు పోతోంది. నీళ్ళు పోయించు."

మారిదురై కదల్లేదు. ఇసక్కియమ్మ అతని మొహం చూసింది. ఇంత దూరం నుంచి ఒక మనిషి పెదవి అదరడం ఆమెకి చాలా ఏళ్ళుగా కనిపించలేదు. కంట్లో మంట ఇప్పుడు తల వెనక దాకా పాకింది. అయినా రెప్ప వాల్చలేదు.

"కాటా దగ్గర వాడు ఎదురుచూస్తుంటాడు రేపు," అన్నాడు తవసి, గొంతు తగ్గించి.

మారిదురై బల్ల దగ్గరికి నడిచాడు. తల్లి తల వైపు నిలబడి, చాలాసేపు ఆ చెవి వైపు చూశాడు. వెనక ఉన్న వాళ్ళు తమ బిందెలతో ముందుకొచ్చారు, పసుపు గిన్నె పట్టుకున్న మనిషి కూడా.

"దింపండి," అన్నాడు.

"ఏంది?"

"బిందెలు దింపండి. ఇప్పుడే పొయ్యొద్దు. స్టేషన్‌కి ఎవరైనా పోయి చెప్పండి. వాళ్ళొచ్చి చూసేదాకా ఇట్లాగే ఉంటుంది మా అమ్మ."

ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఒక్కొక్క బిందే దింపారు. మారిదురై కూడా భుజం మీది బిందె వంగి కింద పెట్టాడు. బిందె ఒరిగి నీళ్ళు తొణికాయి. నేల పల్లంగా ఉంది. తొణికిన నీళ్ళు సన్నటి పాయగా బల్ల వైపు పారాయి. మారిదురై తన పాదం అడ్డం పెట్టాడు. నీళ్ళు కాలి చుట్టూ చేరి, పక్కకి తిరిగి, ఇసకలో ఇంకిపోయేదాకా అట్లాగే నిలబడి ఉన్నాడు.